ఒక్కొక్కరికీ ఒక్కో రాయి

పోయిన సంచికలో ఎండెన్ ఓడ దగ్గర ఆగాం. 1914 సెప్టెంబర్ 22 రాత్రి ఆ జర్మన్ యుద్ధనౌక మద్రాసు రేవు మీద గుళ్ళు కురిపించింది. బర్మా ఆయిల్ కంపెనీ చమురు ట్యాంకులు భగ్గుమన్నాయి. జనం మూటాముల్లె సర్దుకుని ఊళ్ళ దారి పట్టారు. ఎండెన్ ఆట కూడా ఎక్కువ కాలం సాగలేదు. నవంబర్ 9న కోకోస్ దీవుల దగ్గర ఆస్ట్రేలియా యుద్ధనౌక సిడ్నీ దాన్ని తుక్కు చేసింది. హైకోర్టు ప్రహరీ దగ్గర ఆ రాత్రికి గుర్తుగా ఒక ఫలకం ఇప్పటికీ ఉంది. యుద్ధం ముగిశాక ఈ నగరం ఎవరిని గుర్తు పెట్టుకోవాలనుకుంది, ఆ గుర్తును ఎలా కట్టింది అన్నది ఈ వారం సంగతి.

ఈ వ్యాసాలు రాస్తున్న షోళింగనల్లూరు నుంచే బయల్దేరదాం. ఎండెన్ వచ్చిన నాటికి ఇది నగరం కాదు. తూర్పున బకింగ్‌హాం కాలువ, వాయవ్యంగా పళ్ళికరణై చిత్తడి నేల, నడుమ ఒక పల్లె. చెన్నై కార్పొరేషన్‌లో కలిసిందే 2011లో. ఇప్పుడు ఓఎంఆర్ పొడుగునా అద్దాల మేడలు. సాయంత్రం సిగ్నల్ దగ్గర నిలబడితే గుంటూరు తెలుగు, కరీంనగర్ తెలుగు రెండూ చెవిన పడతాయి. కాకినాడ వైపు నుంచి తీరం వెంట దిగి వచ్చిన ఆ కాలువ ఒకప్పుడు పడవల మీద చేసిన పనిని ఇప్పుడు రైళ్ళూ రాత్రి బస్సులూ చేస్తున్నాయి, అంతే తేడా.

యుద్ధ స్మారకం చూడాలంటే ఇక్కణ్ణుంచి రెండు దారులున్నాయి. ఉత్తరంగా బీచి రోడ్డు పట్టుకుని నేపియర్ వంతెన దాటితే ఒకటి. మేడవాక్కం మీదుగా పరంగిమల దాటి నందంబాక్కం వెళ్తే రెండోది. మూడోది కూడా ఉంది. అది ఢిల్లీలో ఉంది గానీ దాని నమూనా పుట్టింది చెన్నై ఆర్కిటెక్టుల బల్ల మీద, దాన్ని కట్టింది హైదరాబాదు కంపెనీ. ఈ మూడింటినీ పక్కపక్కన పెట్టి చూస్తే నాకొకటి తోచింది. స్తంభం ఎత్తు, రాయి రంగు, తోట కొలతలు, వీటి మీద కమిటీలు ఎంత తల బద్దలు కొట్టుకున్నా చివరికి ప్రతి స్మారకమూ ఒక్క ప్రశ్నకే జవాబు చెబుతుంది: చనిపోయిన మామూలు సిపాయి పేరు రాతి మీదికి ఎక్కిందా, లేదా?

ఈ ప్రశ్న దొరలతో వచ్చింది కాదు. దక్షిణాదిలో దీనికి వాళ్ళకంటే వెయ్యేళ్ళ ముందే ఒక జవాబు ఉండేది. రాయలసీమ పల్లెల్లో పొలం గట్ల మీద, చెరువు కట్టల మీద కనపడే వీరగల్లులు అవే. తమిళులు నడుకల్ అంటారు. తిరువణ్ణామలై జిల్లా చెంగం చుట్టుపక్కల పల్లవుల కాలంవి బోలెడు బయటపడ్డాయి. ఎగ్మూరు మ్యూజియంలోనూ కొన్ని ఉన్నాయి. ఊరి పశువులను తోలుకుపోతున్న దొంగల మూకకు అడ్డం పడి చచ్చినవాడికీ ఒక రాయి దక్కేది. శాసనం ఉన్న రాళ్ళ మీద ఏ రాజు ఏలుబడిలో, ఎవరి తరఫున, ఎందుకు పోరాడి పోయాడో చెక్కేవాళ్ళు. శిల్పం తీరు కూడా చాలా చోట్ల ఒకటే. కింది అరలో పోరు, పైఅరలో వాణ్ణి స్వర్గానికి తీసుకుపోతున్న అప్సరసలు, అన్నిటికీ పైన శివలింగం. ఆ మనిషి సేనాని కానక్కరలేదు. ఊరి కోసం నిలబడితే చాలు.

మన పల్నాడులో ఇది ఏకంగా గుడి అయింది. కారెంపూడిలో నాగులేటి ఒడ్డున వీరుల గుడి ఉంది. పన్నెండో శతాబ్దపు పల్నాటి యుద్ధంలో పోయిన వీరులకు గుర్తుగా అక్కడ రాళ్ళు నిలిపి పూజిస్తున్నారు. కార్తీక మాసం చివర జరిగే ఉత్సవాల్లో వీరుల ఆయుధాలను బయటికి తీస్తారు. చాపకూడు పెడతారు. బ్రహ్మనాయుడు కులం తేడా లేకుండా అందరినీ ఒకే చాప మీద కూర్చోబెట్టి తినిపించాడన్న కథను ఆ బంతి ఏటా గుర్తు చేస్తుంది. ఈ చాపకూడును కాస్త మనసులో పెట్టుకోండి, నందంబాక్కం వెళ్ళినప్పుడు పనికొస్తుంది.

ఇక బీచి రోడ్డు. సెయింట్ జార్జి కోటకు దక్షిణంగా, మెరీనా మొదలయ్యే చోటును ఆ రోజుల్లో క్యుపిడ్స్ బో అనేవాళ్ళు. కోటలో ఉద్యోగాలు చేసే దొరలు, దొరసానులు సాయంకాలం గాలికి వచ్చే జాగా. మొదటి ప్రపంచ యుద్ధంలో మిత్రరాజ్యాల గెలుపుకు గుర్తుగా అక్కడ లేచిన కట్టడమే నేటి విక్టరీ వార్ మెమోరియల్. గెలుపు అనే మాట దాని పేరులోనే ఉంది. తెలుగు జిల్లాలన్నీ, నైజాం వైపువి తప్ప, అప్పుడు మద్రాసు ప్రెసిడెన్సీలోవే. గంజాం నుంచి అనంతపురం దాకా పల్లెల నుంచి పటాలంలో చేరిన వాళ్ళ యుద్ధానికి కూడా రాజధానిలో గుర్తు ఇదే.

ఆ యుద్ధంలో భారత సైన్యం తరఫున పదమూడు లక్షలకు పైగా మనుషులు సముద్రాలు దాటారు. వాళ్ళలో సుమారు 74 వేల మంది తిరిగి రాలేదు. మద్రాసు శాపర్లు, అంటే సైన్యంలోని ఇంజనీరింగ్ దళం వాళ్ళు, మెసపొటేమియా ఎడారుల్లో వంతెనలు కట్టారు, నదులు దాటించారు. 1917 ఫిబ్రవరి 23న షుమ్రాన్ వంపు దగ్గర టైగ్రిస్ నది దాటిన ఘట్టాన్ని ఆ దళం ఇప్పటికీ ఏటా తలుచుకుంటుంది. మద్రాసు జనం చందాలు వేసుకుని గాయపడ్డ సైనికుల కోసం ఒక ఆస్పత్రి ఓడనే నడిపారు. దాని పేరూ మద్రాసే.

క్యుపిడ్స్ బో స్మారకానికి తర్వాత పట్టిన గతి ఆసక్తిగా ఉంటుంది. గెలిచామని చెప్పుకోవడానికి లేచిన రాయి మీదికి ఒకదాని తర్వాత ఒకటిగా కొత్త యుద్ధాలు వచ్చి చేరాయి. రెండో ప్రపంచ యుద్ధం, 1948 కాశ్మీర్, 1962 చైనా, ఆ పైన పాకిస్తాన్‌తో పోరాటాలు. 1962ను గెలుపు అని ఎవరూ అనరు కదా. అయినా విక్టరీ అనే పేరు అలాగే ఉండిపోయింది. గణతంత్ర దినాన గవర్నరు ఇక్కడ పుష్పగుచ్ఛం ఉంచుతారు. జులై 26న కార్గిల్ రోజు మాజీ సైనికులు వస్తారు. మిగతా రోజుల్లో పచ్చిక బాగుంటుంది, పక్కనుంచి వాహనాలు పోతుంటాయి, బీచికి వచ్చిన వాళ్ళు నేరుగా ఇసుక వైపు నడుస్తారు. కట్టిన వాళ్ళ ఉద్దేశాన్ని కాలం ఇంత మర్యాదగా పక్కకు నెట్టిన కట్టడం ఈ నగరంలో ఇంకొకటి ఉందా అని నాకు అనుమానం.

అదే కాలంలో ఊళ్ళలో జరిగింది చూడండి. యుద్ధానికి మనుషులను పంపిన పల్లెల్లో ప్రభుత్వం చిన్న పాలరాతి పలకలు పెట్టించింది. అన్నిటి మీదా వరస ఒకటే. ఈ ఊరి నుంచి ఇంతమంది మహాయుద్ధానికి వెళ్ళారు, వాళ్ళలో ఇంతమంది ప్రాణాలిచ్చారు. తిరుచ్చి వరగనేరిలో అలాంటిది ఉంది, ఉత్తరాదిలోనైతే ఊరూరా ఉన్నాయి. లెక్క ఉంది, పేరు లేదు. ఊళ్ళో ఆ మనుషులెవరో అందరికీ తెలుసు కాబట్టి సరిపోతుందని అనుకున్నారో ఏమో. రెండు తరాలు గడిచేసరికి ఊరికీ తెలియకుండా పోయింది. పశువుల దొంగలతో పోరాడి చచ్చినవాడి పేరు వెయ్యేళ్ళ నాటి వీరగల్లు మీద చదవగలుగుతున్నాం. బస్రాలో చచ్చిపోయిన వాడి పేరు వాడి మునిమనవడికి తెలియదు.

బస్రా పేరు ఊరికే ఎత్తలేదు. ఇరాక్‌లో బస్రా దగ్గర 1929లో ఆవిష్కరించిన స్మారకం నలభై వేల మందికి పైగా సైనికులది, వాళ్ళలో ఎక్కువమంది భారతీయులు. ఆర్కిటెక్టు ఎడ్వర్డ్ వారెన్. బ్రిటిష్ సైనికుల పేర్లు చెక్కారు, భారతీయ అధికారుల పేర్లు చెక్కారు. మామూలు భారతీయ సిపాయిల దగ్గరికి వచ్చేసరికి దళం పేరు కింద ఇంకా ఇంతమంది అని అంకె వేసి ఊరుకున్నారు. 1997లో సద్దాం హుస్సేన్ ఆ స్మారకాన్ని ఊడదీయించి నాసిరియా దారిలో ఎడారి నడుమ మళ్ళీ నిలబెట్టించాడు. అంకెలు మాత్రం అంకెలుగానే వెళ్ళాయి. ఫ్రాన్స్‌లో నూవ్ షాపెల్ దగ్గర హెర్బర్ట్ బేకర్ గీసిన స్మారకం 1927లో తెరుచుకుంది. అక్కడ నాలుగు వేల ఏడువందల దాకా భారతీయుల పేర్లు చెక్కారు. ఒకే సామ్రాజ్యం, ఒకే సంస్థ, ఒకే సైన్యం. యూరప్‌లో పోయినవాడికి పేరు, ఎడారిలో పోయినవాడికి అంకె.

ఆ సంస్థ ఇంపీరియల్ వార్ గ్రేవ్స్ కమిషన్. 1917 మే 21న దానికి రాజశాసనం దక్కింది. ఇప్పుడు కామన్‌వెల్త్ వార్ గ్రేవ్స్ కమిషన్ అంటున్నాం. నందంబాక్కం శ్మశానం వాళ్ళదే. పరంగిమల దాటి పూనమల్లి రోడ్డు మీద వెళ్తే ట్రేడ్ సెంటర్‌కు దగ్గర్లో గేటు కనపడుతుంది. గేటు దాటితే రోడ్డు మీది హారన్లు ఒక్కసారిగా దూరమవుతాయి.

దీన్ని 1952లో ఏర్పాటు చేశారు. రెండో ప్రపంచ యుద్ధంలో దక్షిణ, తూర్పు భారతంలో చనిపోయి అక్కడక్కడ ఊరి శ్మశానాల్లో, కంటోన్మెంట్ శ్మశానాల్లో ఖననమైన వాళ్ళున్నారు. స్వాతంత్ర్యం వచ్చాక ఆ సమాధులను చూసుకునే దిక్కు ఉండదని అక్కణ్ణుంచి తవ్వి తీసుకొచ్చి ఇక్కడ వరుసల్లో పెట్టారు. 856 సమాధులు. వెనక భాగంలో మొదటి యుద్ధానిది ఒక స్మారకం ఉంది, దాని మీద వెయ్యికి పైగా పేర్లు. ఆ పేర్ల వాళ్ళు ఇక్కడ లేరు, దేశంలో ఎక్కడెక్కడో ఖననమయ్యారు. ఆ సమాధులను కలకాలం కాపాడలేమని తేలిపోయాక వాళ్ళ పేర్లను మాత్రం తెచ్చి ఇక్కడ చేర్చారు. కొందరి మేనులను తెచ్చారు, కొందరి పేర్లను తెచ్చారు.

ఈ వరుసలు ఇంత తీరుగా ఉండడం వెనక ఒక పెద్ద తగాదా ఉంది. 1918లో బ్రిటిష్ మ్యూజియం డైరెక్టర్ ఫ్రెడరిక్ కెన్యన్ యుద్ధ శ్మశానాలు ఎలా ఉండాలో నివేదిక ఇచ్చాడు. జనరల్‌కైనా సిపాయికైనా ఒకే కొలత రాయి. మతం వేరైతే గుర్తు మారుతుంది గానీ రాయి మారదు. శవాలను స్వదేశం పట్టుకుపోవడానికి వీల్లేదు, డబ్బున్న వాళ్ళైనా సరే. శిలాఫలకం ఎత్తు రెండడుగుల ఎనిమిది అంగుళాలు, వెడల్పు అడుగు మూడంగుళాలు, మందం మూడంగుళాలు. అక్షరాల తీరు మాక్స్ గిల్ అనే పేరుతో తెలిసిన మెక్‌డొనాల్డ్ గిల్ గీశాడు. కుటుంబం కోరితే కింద ఒక వాక్యం చేర్చుకోవచ్చు, అరవై ఆరు అక్షరాలు దాటకూడదు. కంచు కత్తి అతికించిన ఎత్తైన శిలువ రెజినాల్డ్ బ్లామ్‌ఫీల్డ్‌ది. నలభై సమాధులు దాటిన చోట దాన్ని నిలపాలన్నది కమిషన్ వాడుక. పెద్ద శ్మశానాల్లో ఉంచే స్మరణ శిల ఎడ్విన్ లుట్యెన్స్‌ది. చూడ్డానికి మామూలు రాతి బల్లలా ఉంటుంది గానీ దానిలో ఒక్క సరళరేఖా లేదు. అంచులన్నీ ఒక మహా గోళంలోంచి కోసిన వంపులే.

మా బిడ్డ సమాధి మీద మాకిష్టమైన శిలువ పెట్టుకోనివ్వరా అని ఇంగ్లండులో పెద్ద కుటుంబాలు మండిపడ్డాయి. 1920 మే 4న పార్లమెంటులో దీని మీద వాదన నడిచింది. కమిషన్ పక్షాన చదివిన ఉత్తరాల్లో రడ్‌యార్డ్ కిప్లింగ్‌ది ఒకటి. ఆయన కొడుకు 1915లో లూస్ దగ్గర పోయాడు, అప్పటికి శవం ఆచూకీ కూడా లేదు. సమాధి అంటూ ఒకటి ఉన్న మీరు ఎంత అదృష్టవంతులో మీకు తెలియదు అన్న ఆయన బాధ సభను కదిలించింది. సమానత్వమే నెగ్గింది. బ్రహ్మనాయుడి చాప మీద జరిగినట్టే ఇక్కడా అందరికీ ఒకే వరుస పడింది.

నందంబాక్కంలో ఆ వరుస నిజంగానే నిలబడింది. బస్రాలో నిలబడలేదు. కాగితం మీద రాసుకున్న సమానత్వం ఆసియా, ఆఫ్రికా చేరేసరికి ఎంత అరిగిపోయిందో కమిషనే 2021 ఏప్రిల్‌లో ఒక నివేదికలో ఒప్పుకుంది. భారత, ఆఫ్రికా, ఈజిప్టు సైనికుల్లో 45 వేల నుంచి 54 వేల మందిని మిగతా వాళ్ళతో సమానంగా స్మరించలేదని, కనీసం 1,16,000 మందిని పేరుతో గుర్తించనే లేదని, ఆ సంఖ్య మూడున్నర లక్షల దాకా ఉండొచ్చని తేల్చింది. క్షమాపణ చెప్పింది. నూరేళ్ళ తర్వాత వచ్చిన క్షమాపణ. అయినా ఆ లెక్కలు బయట పెట్టినందుకు మెచ్చుకోవాల్సిందే. చాలా ప్రభుత్వాలు ఆ పాటి కూడా చేయవు.

ఇక మూడోది. స్వతంత్ర భారతం తన సైనికులకు జాతీయ స్మారకం కట్టుకోవడానికి డెబ్భై ఏళ్ళకు పైగా తీసుకుంది. అప్పటిదాకా ఇండియా గేటుతో సర్దుకున్నాం. అది లుట్యెన్స్ కట్టడం. 1921లో పునాది రాయి, 1931లో ఆవిష్కరణ. 42 మీటర్ల ఎత్తు, గోడల మీద పదమూడు వేలకు పైగా పేర్లు. ఆ పేర్లలో మనవాళ్ళున్నారు గానీ వాళ్ళు పోరాడింది సామ్రాజ్యం కోసం. 1971 యుద్ధం తర్వాత ఆ తోరణం కింద తిరగేసిన తుపాకీ, దాని మీద శిరస్త్రాణం, పక్కన ఆరని జ్వాల ఉంచి అమర్ జవాన్ జ్యోతి అన్నారు. 1972 జనవరి 26న ఇందిరా గాంధీ దాన్ని ప్రారంభించారు. హడావిడిగా చేసిన ఏర్పాటు యాభై ఏళ్ళు నిలిచింది. అక్కడ జ్వాల ఉంది గానీ 1947 తర్వాత పోయిన ఒక్కడి పేరూ లేదు.

2015లో కేంద్ర మంత్రివర్గం స్మారకానికి ఒప్పుకుంది. డిజైన్ కోసం పెట్టిన పోటీకి నాలుగు వందలకు పైగా ఎంట్రీలు వచ్చాయి. 2017లో గెలిచింది చెన్నైకి చెందిన వెబి డిజైన్ ల్యాబ్, ప్రధాన ఆర్కిటెక్టు యోగేశ్ చంద్రహాసన్. కట్టిన ఎన్‌సిసి లిమిటెడ్ హైదరాబాదుది, పాత తరం వాళ్ళకు నాగార్జున కన్‌స్ట్రక్షన్ అంటే తెలుస్తుంది. 2019 ఫిబ్రవరి 25న ప్రధాని ఆవిష్కరించారు. లుట్యెన్స్ తోరణానికి పదేళ్ళు పడితే దీనికి డిజైన్ తేలిన నాటి నుంచి రెండేళ్ళు కూడా పట్టలేదు. సుమారు 40 ఎకరాలు, 176 కోట్ల ఖర్చు.

చెన్నై బృందానికి ఎదురైన చిక్కు స్థలం. ఇండియా గేటు వెనకే, ఒకప్పుడు ఐదో జార్జి విగ్రహం నిలిచిన ఛత్రం చుట్టూ కట్టాలి. రాష్ట్రపతి భవన్ నుంచి సూటిగా వచ్చే చూపుకు ఏదీ అడ్డు రాకూడదు. ఎత్తుగా కడితే లుట్యెన్స్‌తో పోటీ, చిన్నగా కడితే పాతిక వేల పేర్లు ఎక్కడ పెట్టాలి? వాళ్ళు కిందికి దిగారు. స్మారకంలో చాలా భాగం నేల మట్టానికి కిందే ఉంది. ఒకదానిలో ఒకటిగా నాలుగు వలయాలు. బయటిది రక్షక చక్రం, అంటే ఆరువందలకు పైగా చెట్లు, సరిహద్దులో వరుసగా నిలబడ్డ కాపలాదారుల్లా. దాని లోపల త్యాగ చక్రం. ఆ లోపల వీరతా చక్రం, కప్పు ఉన్న మండపంలో ఆరు యుద్ధాల కంచు శిల్పాలు. నడిబొడ్డున అమర చక్రం, 15.5 మీటర్ల స్తంభం, కింద జ్వాల.

ఈ అమరికకు ప్రేరణ చక్రవ్యూహమని చెప్పారు. తెలుగువాడు ఆ మాట వింటే పద్మవ్యూహంలోని అభిమన్యుడు గుర్తుకు రాకుండా ఉండడు. పదహారేళ్ళ కుర్రాణ్ణి లోపలికి పంపి, బయటికొచ్చే దారి చెప్పని వ్యూహమది. పెద్దల మాట మీద ముందుకు వెళ్ళి తిరిగి రాని కుర్రవాళ్ళ స్మారకానికి ఇంతకంటే తగినదీ, ఇంతకంటే ఇబ్బంది పెట్టేదీ మరో బొమ్మ లేదు. నమూనా గీసిన వాళ్ళు వ్యూహంలోని రక్షణనే చూశారేమో. నాకు మాత్రం సుభద్ర కనపడుతుంది.

ఈ మొత్తం కట్టడంలో గొప్పది స్తంభం కాదు, కంచు శిల్పాలూ కాదు. త్యాగ చక్రం. పదహారు గోడలు. గోడను ఒక పెద్ద పలకగా చేసి పేర్లు చెక్కలేదు. ఇటుకలు పేర్చినట్టు గ్రానైట్ పలకలు పేర్చారు, ఒక్కో పలకకు ఒక్కో మనిషి, బంగారు రంగు అక్షరాలు. ఆవిష్కరణ నాటికి 25,942 పేర్లు. పలకల కొలత అందరికీ ఒకటే. కెన్యన్ చెప్పిన సూత్రమే ఇది. పని పరంగానూ ఇది తెలివైన పద్ధతి. ఇండియా గేటు గోడ నిండిపోయిన పుస్తకం, దానిలో కొత్త పేరు ఇరికించలేం. ఇక్కడ కొత్త పేరు వస్తే కొత్త పలక చేరుతుంది, పాత రాతిని ముట్టుకోనక్కరలేదు. యుద్ధాలు ఆగవని డిజైన్‌లోనే ఒప్పుకున్నట్టయింది, అది వేరే సంగతి. రోజూ సాయంత్రం అమరుడైన ఒక సైనికుడి కుటుంబ సభ్యుల చేత ఇక్కడ పుష్పగుచ్ఛం పెట్టిస్తారు.

2022 జనవరి 21న ఇండియా గేటు కింది జ్వాలను తెచ్చి ఇక్కడి జ్వాలలో కలిపారు. యాభై ఏళ్ళు మొక్కిన చోటు నుంచి నిప్పు తీయడమేమిటని కొందరు మాజీ సైనికులు బాధపడ్డారు, పేర్లు ఎక్కడుంటే జ్వాల అక్కడే ఉండాలని మరికొందరు అన్నారు. నేను రెండో వాళ్ళ వైపు. కానీ మొదటి వాళ్ళ బాధ అర్థం కానిది కాదు.

2020 జూన్ 15 రాత్రి గల్వాన్ లోయలో 16 బిహార్ దళాధిపతి కల్నల్ సంతోష్ బాబు సహా ఇరవై మంది పోయారు. ఆ ఇరవై పేర్లూ ఆ గోడల మీదికి వచ్చాయి. సరిగ్గా ఏడాదికి సూర్యాపేటలో సంతోష్ బాబు విగ్రహం లేచింది. అంతకు ముందు ఆయనకు మహావీర చక్ర ప్రకటించారు. సొంతూళ్ళో నిలువెత్తు విగ్రహం, ఢిల్లీలో మిగతా వాళ్ళతో సమానమైన పలక, రెండూ అవసరమే. 'అమరన్' సినిమాతో తెలుగు ప్రేక్షకులకూ దగ్గరైన మేజర్ ముకుంద్ వరదరాజన్ మన తాంబరం వైపు మనిషి, 2014లో కాశ్మీర్‌లో పోయారు. పశ్చిమ గోదావరిలో తాడేపల్లిగూడెం దగ్గర మాధవరాన్ని మిలటరీ మాధవరం అంటారు. తరతరాలుగా ఇంటికొకరు సైన్యంలోకి వెళ్ళే ఆ ఊళ్ళో సైనికుల స్మారకం ఉంది.

విశాఖలో ఆర్.కె. బీచ్ మీది 'విక్టరీ ఎట్ సీ' స్మారకం సంగతి కూడా ఒక ముక్క చెప్పాలి. 1996లో కట్టారు, 1971 నావికా విజయానిది. నేవీ డే అయిన డిసెంబర్ 4న నౌకాదళం వాళ్ళు అక్కడ నివాళులు అర్పిస్తారు. అదే తీరానికి ఎదురుగా సముద్రం అడుగున పాకిస్తాన్ జలాంతర్గామి ఘాజీ, దానిలో తొంభై మందికి పైగా నావికులు. గెలుపు స్మారకం ఎదుటి వాడి చావును లెక్కలోకి తీసుకోదు. అందుకే గెలుపు పేరుతో కట్టిన వాటికంటే పేర్లు రాసిన గోడలే నాకిష్టం.

చెన్నైకి తిరిగి వస్తే, ఈ నగరం గుర్తు పెట్టుకోవడానికి ఇబ్బంది పడిన యుద్ధం ఒకటుంది. 1987లో శ్రీలంకకు వెళ్ళిన భారత శాంతి దళం 1990 మార్చిలో తిరిగొచ్చింది. దళం ఓడలు మద్రాసు రేవులో ఆగాయి. నాటి ముఖ్యమంత్రి కరుణానిధి స్వాగతానికి వెళ్ళలేదు, తమిళులను చంపిన సైన్యాన్ని ఆహ్వానించలేనన్నారు. ఆ మాటకు ఆయన కారణాలు ఆయనకున్నాయి. మద్రాసులో ఆ రోజుల్లో ఆ కోపం ఆయన ఒక్కరిదే కాదు. కానీ ఓడ దిగిన సిపాయికి ఆ విధానం ఎవరు రాశారో తెలియదు. దళం తన వాళ్ళను సుమారు 1,200 మందిని ఆ దీవిలో పోగొట్టుకుని వచ్చింది. వాళ్ళలో తెలుగువాళ్ళున్నారు, తమిళులున్నారు, పంజాబీలు, గూర్ఖాలు ఉన్నారు. ఏ రాష్ట్రంలోనూ వాళ్ళ కోసం ఊరేగింపులు జరగలేదు.

వాళ్ళ పేర్లు చెక్కిన స్మారకాన్ని కొలంబో శివార్లలో, పార్లమెంటుకు దగ్గర్లో, శ్రీలంక ప్రభుత్వమే కట్టించింది. మన దేశం నుంచి వెళ్ళే నాయకులు అక్కడ పూలు పెడుతుంటారు. ఢిల్లీలో వాళ్ళకు పలకలు దక్కింది ఆ తర్వాతే, 2019లో. చెన్నై ఆర్కిటెక్టులు గీసిన గోడల మీద, మద్రాసు రేవులో స్వాగతం దక్కని వాళ్ళ పేర్లు మిగతా యుద్ధాల వాళ్ళ పేర్ల పక్కనే, అదే కొలత రాతి మీద ఉన్నాయి.

వచ్చే సంచికలో 1780లో సెయింట్ జార్జి కోటలో రెండు కంపెనీలుగా పుట్టి, తర్వాత బెంగుళూరు చేరి స్థిరపడ్డ మద్రాసు పయనీర్ల కథ.

(సశేషం)